వంద మిల్లీగ్రాముల కాపలా

తలనొప్పికి మందు కనిపెట్టడం ఏమంత గొప్పండీ? నాలుగు సీసాలు, ఓ స్టవ్వు ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారు. గొప్పతనమంతా ఆ మందును మనుషుల బారి నుంచి కాపాడటంలో ఉంది!

నవ్వకండి. పూర్తి బాధ్యతతో రాస్తున్నాను. తనిఖీలను తిట్టడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. ఫారం కనబడితే ముఖం చిట్లిస్తారు, సీలు అంటే నిట్టూరుస్తారు. రెండు తాళాలు, మూడు కాపీలు, ఇద్దరు సాక్షులు లేకపోతే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? జనం ఎవరి పని వాళ్లు చేసుకుపోతారు! అంతకు మించిన ప్రమాదం ఉందా?

నా మాట మీద నమ్మకం కుదరకపోతే కెమిస్టమ్మ సంగతి వినండి. పరిశోధనశాల మూడో అంతస్తులో, మెట్ల పక్కగదిలో ఆమె ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది. తెల్లకోటు మోచేతుల దగ్గర చిరిగితే తమ్ముడు అతుకు వేసి ఇస్తాడు. తమ్ముడు దర్జీ. నా చొక్కాలు కూడా అతనే కుడతాడు కాబట్టి ఈ కథ నాదాకా వచ్చింది.

ఆ తమ్ముడికి ఒక తలనొప్పి జబ్బుంది. ఏటా చలి మొదలవగానే వచ్చి రెండు నెలలు కాపురముంటుంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి కుడికన్ను వెనకాల మొదలై గంటకు పైగా నిలువునా చంపుతుంది. ఎవరో కాల్చిన సూదితో లోపల కుట్లు వేస్తున్నట్టుంటుందని అతనే చెప్పాడు. కూర్చోలేడు, పడుకోలేడు, కొట్టు తలుపు వేసుకుని లోపల అటూ ఇటూ తిరుగుతాడు. డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్లు కొందరికి బాగా పనిచేస్తాయట. ఇతనికి మాత్రం అరకొరే.

అక్కకు తమ్ముడంటే ప్రాణం. ఆమె చేతికిందేమో ఒక రసాయనం ఉంది. పరిశోధనశాలలో దాన్ని ఏడో నంబర్ అంటారు. లేని రంగులు, లేని ఆకారాలు చూపించే రసాయనాల కుటుంబంలో ఎవరూ పట్టించుకోని చుట్టం అది. మన మెదడులో సెరటోనిన్ అని ఒకటుంటుంది కదా, ఈ కుటుంబమంతా దానికి వేలువిడిచిన బంధువులే. అందరికీ ఒకటే ఒళ్లు: కలిసి ఉన్న రెండు ఉంగరాలు, వెనక ఒక తోక. తేడాలన్నీ ఒంటికి, తోకకు తగిలించుకునే చిన్న చిన్న ముక్కల్లోనే. ఒక ముక్క మారిస్తే ఆరు గంటలు గోడలు ఊగుతాయి. ఇంకో ముక్క మారిస్తే ఏమీ జరగదు, మనిషి ఆవలిస్తాడంతే.

ఏడో నంబర్‌కు తోక చివర ముక్క కాస్త పొడుగు. అందువల్ల రంగులు చూపించే గుణం తక్కువనీ, సెరటోనిన్ కోసం కణాల మీదుండే రిసెప్టర్లను మాత్రం గట్టిగానే పట్టుకుంటుందనీ ఒక పాత రిపోర్టులో రెండు వాక్యాలున్నాయి. ఆ రెండు వాక్యాలే కెమిస్టమ్మకు పట్టుకున్నాయి. ఈ కుటుంబంలో కొన్ని ఇలాంటి నొప్పిని ఆపాయని కొందరు రోగులు చెబుతారట. రంగులు లేకుండా ఆ నొప్పిని ఆపే గుణం దీనికి ఉందేమో! ఉందని ఆమె అనలేదు. ముందు కణాల మీద చూద్దామంది. ఫలితం బాగుంటే డాక్టర్ల చేతికి వెళుతుంది, తమ్ముడిలాంటి వాళ్ల మీద పద్ధతిగా పరీక్ష జరుగుతుంది. దొంగతనంగా ఇంటికి పట్టుకుపోయే మనిషి కాదామె.

అయితే ఆ కుటుంబం మొత్తం నిషేధం జాబితాలో ఉంది. అందుకని వంద మిల్లీగ్రాముల ఏడో నంబర్‌ను, అంటే చిటికెడులో చిటికెడును, రెండు తాళాల ఇనప్పెట్టెలో పెట్టి పర్మిషన్‌కు రాశారు. నలభై రెండు పేజీల ఫారం. ముప్పై ఒకటో ప్రశ్న: ఈ పరిశోధనలో మీకు సొంత ఆసక్తి ఉన్నదా?

చల్లకొచ్చి ముంత దాచడమెందుకని ఆమె ఉన్నదున్నట్టు రాసింది. నా తమ్ముడికి ఈ జబ్బు ఉన్నది అని. అది చూసి ఆమె పై అధికారి తల పట్టుకున్నాడు.

ఆయన భయపడినట్టే అయింది. నొప్పి పడే తమ్ముడున్న మనిషి నొప్పి గురించి నిష్పక్షపాతంగా ఆలోచించగలదా అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఎంత న్యాయం! నొప్పంటే తెలియని వాళ్లయితేనే కదా నొప్పి గురించి తొణక్కుండా నిర్ణయం చేయగలిగేది? కమిటీ ఏడాదిపాటు తొణక్కుండా ఆలోచించి, ఫైలును ఇంకా పైకి పంపింది. ఆ చలికాలం తమ్ముడు యాభై ఎనిమిది రోజులు తిరిగాడు.

ఈలోగా కాపలా మొదలైంది. నెలనెలా ఒక తనిఖీ అధికారి వచ్చేవాడు. పరిశోధనశాలలో అందరూ ఆయనను మిల్లీగ్రాము గారు అనేవారు. ఆయన మంచివాడు. గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుని వచ్చేవాడు, పక్షపాతం అంటుకుంటుందని టీ కూడా ముట్టేవాడు కాదు. ఆయన ఎదుట సీసా తెరవాలి. పొడి మొత్తం కాగితం మీద పోయాలి. ఏమీ దాచలేదని తెలియడానికి పైన పెద్ద లైటు వేయాలి. ఎవరూ పీల్చకుండా కిటికీ తెరిచిపెట్టాలి. తూచాలి, మళ్లీ సీసాలో పోయాలి, సంతకాలు చేయాలి.

ఇందులో చిన్న ఇబ్బంది ఉంది. ఏడో నంబర్‌కు గిట్టనివి మూడే మూడు. వెలుతురు, గాలి, తేమ.

కెమిస్టమ్మ ఉత్తరం రాసింది. అయ్యా, మీరు చూస్తే చాలు ఈ పదార్థం పాడవుతుంది, దయచేసి మూసిన సీసానే తూచండి అని. రెండు నెలలకు జవాబొచ్చింది. పదార్థం ఇంత సున్నితమైనదని తెలియజేసినందుకు కృతజ్ఞతలు, దాని భద్రత దృష్ట్యా ఇకమీదట నెలకు రెండుసార్లు తూచగలరు అని! ఇంత శ్రద్ధ కన్నతల్లైనా చూపిస్తుందా?

బరువు మాత్రం ఎప్పుడూ వందే. కాగితానికి అంటుకుని కొంత పోయేది, గాలిలోని తేమ పీల్చి అంతే పెరిగేది. ఒక్కసారి, నాలుగు రోజుల ముసురు తర్వాత, నూటొకటి వచ్చింది. మిల్లీగ్రాము గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తగ్గితే ఏం రాయాలో నాకు తెలుసమ్మా. పెరిగితే ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. మీరేమైనా తయారు చేశారా?"

"నేను కాదండీ. వాన చేసింది."

ఆయన చాలాసేపు ఆలోచించి, వానను సాక్షిగా రాయడం కుదరదని చెప్పి, ఆమె చేత మూడు పేజీల సంజాయిషీ రాయించుకున్నాడు. ఆ చలికాలమూ గడిచిపోయింది.

మూడో ఏడు పొడి రంగు తిరిగింది. తెల్లగా ఉన్నది బూడిదరంగుకు, తర్వాత నీలానికి వచ్చింది. ఈ కుటుంబంలో కొన్నింటికి గాలి తగిలితే అలా అవుతుంది. అంటే చచ్చిపోతున్నదని అర్థం. రంగు మారిందని రాసుకోమని కెమిస్టమ్మ బతిమాలింది. మిల్లీగ్రాము గారు రిజిస్టర్ అంతా తిరగేశాడు. తేదీకి గడి ఉంది, బరువుకు ఉంది, సంతకాలకు నాలుగున్నాయి. రంగుకు గడి లేదు. గడి లేని విషయం జరిగినట్టు ఎలా అవుతుంది? ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం!

కంచె చేను మేస్తుందని పెద్దలు అనవసరంగా ఆడిపోసుకున్నారు. ఇక్కడి కంచె ఒక్క గడ్డిపరక ముట్టలేదు. చేను నిలువునా ఎండిపోయేదాకా నీతిగా నిలబడింది.

పోయిన వారం పర్మిషన్ వచ్చింది. చలి అప్పటికే మొదలైంది. కెమిస్టమ్మ అందరి ఎదుటా రెండు తాళాలు తీయించి, కాసింత పొడిని పరీక్ష చేసే మెషీన్‌కు ఇచ్చింది. ఏడో నంబర్ ఉంటే తెర మీద ఒకచోట గీత కొండలా లేవాలి. గీత నేల మీద పాకుతూ పోయింది. రెండోసారి చేసింది, మూడోసారి చేసింది. నీలం మడ్డి తప్ప అందులో ఏమీ మిగల్లేదు.

మిల్లీగ్రాము గారు తలుపు దగ్గర నిలబడి, మెషీనుకు ఇచ్చింది కూడా కలుపుకుంటే బరువు సరిపోయిందా అని మెల్లగా అడిగాడు. సరిపోయిందండీ అంది కెమిస్టమ్మ. ఆయన గుండెల మీద నుంచి బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలి సంతకం చేశాడు. మూడేళ్లలో ఒక్క మిల్లీగ్రాము కూడా దుర్వినియోగం కాలేదు. వినియోగమూ కాలేదనుకోండి, దానికి రిపోర్టు అక్కర్లేదు.

ఆమె అక్కడి నుంచి నేరుగా తమ్ముడి కొట్టుకు వెళ్లింది. అతను ప్యాంటు అంచు కుడుతున్నాడు. గుమ్మంలో ఆమె ముఖం చూసి మెషీన్ ఆపాడు.

"పర్మిషన్ రాలేదా అక్కా?"

"వచ్చిందిరా. మందే లేదు."

"ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"లేదు. ఎవరూ ఎత్తుకుపోకుండా చూసుకున్నాం."

తమ్ముడు గడియారం చూసుకున్నాడు, మూడు కావస్తోంది. కత్తెర, సూదుల డబ్బా అరలో పెట్టి తాళం వేశాడు, ఆ గంటసేపు తన చేతుల మీద తనకు నమ్మకం ఉండదు. కాసేపు బయట ఉండమని అక్కకు చెప్పి తలుపు వేసుకున్నాడు. ఆమె వీధిలో నిలబడి లోపలి అడుగులు విన్నది. ఎనిమిది అటు, ఎనిమిది ఇటు. ఆమెకు ఏడుపొచ్చింది. చొక్కా కొలతలివ్వడానికి వెళ్లిన నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు.

ఇంటికొచ్చాక తోచింది. కాపలాశాఖ పెద్దలకు నాదొక విన్నపం. మీరు చేయి వేసి కాపాడిన వస్తువు మూడేళ్లలో ఆనవాలు లేకుండా పోతుందని రుజువైంది కదా, దయచేసి ఈ తమ్ముడి నొప్పిని కూడా మీ సంరక్షణలోకి తీసుకోండి. నెలకు రెండుసార్లు పెద్ద లైటు కింద పరిచి తూచండి. రిజిస్టర్‌లో మాత్రం ఎప్పుడూ వంద అనే రాసుకోండి, మాకేం అభ్యంతరం లేదు. లోపల ఏమీ మిగలకుండా ఉంటే చాలు.