ఎడమ నొక్కితే కుడికి

సరైన కంట్రోలర్‌తో వీడియో గేమ్ ఆడేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకి జీవితంలో ఏం మిగిలింది? ఎడమ నొక్కితే బొమ్మ ఎడమకే వెళ్తుంది. గెంతమంటే గెంతుతుంది. ఆగమంటే ఆగుతుంది. ఇంత చెప్పిన మాట వినే బొమ్మతో ఆడటం కూడా ఒక ఆటేనా?

నేను మాత్రం అదృష్టవంతుణ్ణి. మా ఇంట్లో గేమ్ బాక్సు ఒక కంపెనీది, నా చేతిలో కంట్రోలర్ ఇంకో కంపెనీది. రెండింటికీ బొత్తిగా పడదు. మధ్యలో అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి కూర్చుని రాజీ చేస్తుంది. దాని పేరే అడాప్టర్! మనిషి కనిపెట్టినవాటిలో దీన్ని మించింది లేదని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను. చప్పట్లు చివర్లో కొట్టండి.

ముందు ఈ భాగ్యం మాకెలా పట్టిందో చెప్పాలి. నేను కలకత్తా ఖిదిర్‌పూర్ డాకులో గుమాస్తాని. మా బావమరిది, పేరు గురువులు, ఓడ మీద పనిచేస్తాడు. పోయిన దుర్గాపూజకి సెలవు మీద వచ్చినప్పుడు మేనకోడలికని ఈ బాక్సు తెచ్చాడు. దానికి ఒక్కటే కంట్రోలర్. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి సుందరి ఇద్దరు కలిసి ఆడే ఆట కావాలంది. సరే, రెండో కంట్రోలర్ కొనడానికి మా ఆవిడ అప్పలకొండమ్మ బజారుకి వెళ్లింది.

షాపాయన బెంగాలీ పెద్దమనిషి. ఒక కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టాడు. మా ఆవిడ కలకత్తాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా, కొత్త వస్తువు కనిపిస్తే నోట్లోంచి వచ్చేది మాత్రం శ్రీకాకుళమే. దానివైపు వేలు చూపించి "ఏటి?" అంది.

పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగండి. మనకి 'ఏటి' అంటే 'ఏమిటి'. బెంగాలీలో 'ఎటి' అంటే 'ఇది'! ఆవిడ "ఏమిటిది?" అని అడిగింది. ఆయనకి "ఇదే ఇవ్వండి" అని వినపడింది. "ఎటి? ఖూబ్ భాలో, దిది!" అని, అంటే చాలా మంచిదక్కా అని, కాగితంలో చుట్టడం మొదలెట్టాడు. ఆవిడకి కంగారు పుట్టి గట్టిగా "ఏటి? ఏటి?" అంది. ఆ ఉత్సాహానికి ఆయన మురిసిపోయి, పైన దారం కూడా కట్టేశాడు!

"నానేటని అడిగినాను. ఆడు సుట్టేసి సేతిలో ఎట్టేసినాడు. నానేటి సేసేది?" అని ఇంటికొచ్చి లబోదిబోమంది. తీరా చూస్తే దాని ప్లగ్గు మా బాక్సులో దూరదు. మర్నాడు నేను వెళ్తే, అమ్మిన సరుకు వాపసు లేదన్నాడు. అయినా నా మొహం చూసి కరిగిపోయి, "చింతా నేయ్, దాదా", అంటే దిగులొద్దన్నా, అంటూ సొరుగులోంచి ఈ అడాప్టర్ తీసిచ్చాడు.

ఇక దాని మహిమలు వినండి. ఎడమ నొక్కితే బొమ్మ కుడికి పోతుంది. గెంతమంటే కూర్చుంటుంది. కూర్చోమంటే గెంతుతుంది. కాల్చమంటే ఆట మొత్తం ఆగిపోయి, శత్రువు కూడా ఊపిరి పీల్చుకుంటాడు. మెదడుకి ఇంతకంటే వ్యాయామం ఉంటుందా? నెల తిరక్కుండానే నేనెంత చురుగ్గా తయారయ్యానంటే, డాక్టరు నాలుక చాపమంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. ట్రామ్ దిగాల్సిన చోట మళ్లీ ఎక్కాను. ఆఫీసులో పెద్దగుమాస్తా కుడివైపు కుర్చీ చూపిస్తే ఎడమవైపు నేల మీద కూర్చున్నాను. సరైన కంట్రోలర్లకి సాధ్యమేనా ఇవన్నీ?

మా పైవాటాలో బైరాగి ఉంటాడు. యూనియన్ మనిషి, జెండా పట్టుకోని చెయ్యి అతనికి లేదు. ఒక బంద్ రోజున సరదాగా పిలిచి నా కంట్రోలర్ ఇచ్చాను. రెండు నిమిషాలకే భగ్గుమన్నాడు.

"ఎడమ నొక్కితే కుడికి ఎల్లడమేటి గోవిందరాజూ? ఇది యాజమాన్యం కుట్ర!"

"అదేమిటి బైరాగీ, ముప్ఫై ఏళ్లుగా ఓట్లప్పుడు అందరం ఎడమే నొక్కుతున్నాం కదా. ఈమధ్య రైటర్స్ బిల్డింగులో, అదే మన సర్కారు కచేరీలో, బొమ్మ ఎటు నడుస్తోందో నువ్వు చూడట్లేదూ?" అన్నాను.

టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు. నేనన్నదాంట్లో తప్పేముంది? అన్ని ఎర్రజెండా పార్టీలు ఒకే ప్లగ్గులో దూరి ఇన్నేళ్లు వెలుగుతున్నాయంటే, లోపల ఎక్కడో మంచి అడాప్టర్ ఉన్నట్టే కదా!

అసలు మహిమకి ఇప్పుడొస్తున్నాను.

మా సుందరిది బెంగాలీ మీడియం. తెలుగు అర్థమవుతుంది, కానీ మాట్లాడదు. చదవడం అసలే రాదు. నేను తెలుగులో అడుగుతాను, తను బెంగాలీలో జవాబిస్తుంది. "తిన్నావా అమ్మా?" అంటే "హ్యాఁ, బాబా" అంటుంది. అంతే, మా తండ్రీకూతుళ్ల ముచ్చట అక్కడితో సమాప్తం. నేను పేపర్లో తల దూరుస్తాను, తను పుస్తకంలో దూరుస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస.

మేమాడే ఆటలో ఇద్దరు అన్నదమ్ములు గోతులు దాటుకుంటూ పోవాలి. ఒకడు పడితే రెండోవాడూ గోవిందా! మొదటి రోజు పెద్ద గొయ్యి ముందు సుందరి "బాఁయే! బాఁయే!" అని అరిచింది. బాఁయే అంటే ఎడమకి. డాకులో ఇరవై రెండేళ్లు బెంగాలీతో నెట్టుకొచ్చినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ క్షణంలో నాకెవరు బుద్ధి పుట్టించారో గాని, "బై బై అన్నావు కదా" అని కంట్రోలర్ కింద పెట్టేశాను. అన్నదమ్ములిద్దరూ గోతిలో పడ్డారు.

సుందరి మంచం మీంచి ఒక్క గెంతు గెంతింది.

"ఓలమ్మా! బై బై కాదు నానా! ఎడమకి! ఎడమకి ఎల్లాలంటే కుడి నొక్కాల! నీకు బుర్ర నేదేటి?"

నానా! బాబా కాదు, నానా! అచ్చం మా అమ్మ యాస! పదమూడేళ్లుగా ఈ పిల్ల దీన్నంతా ఎక్కడ దాచుకుంది? వంటింట్లోంచి అప్పలకొండమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ఎప్పుడో పోయిన అత్తగారు లేచొచ్చిందేమోనని. నాకైతే గాల్లో తేలిపోతున్నట్టుంది. ఆ సంతోషంలో ఇంకో నాలుగుసార్లు గోతిలో పడ్డాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం, ప్రతి బంద్‌కీ మాకు ఆటే. ఈ ఊళ్లో బంద్‌లకి కొదవా? నేను బెంగాలీ పూర్తిగా మర్చిపోయాను. పొరపాటున కూడా సరైన మీట నొక్కను. చెత్తగా ఆడటం తేలికనుకుంటున్నారా? అయ్యా, దానికెంతో సాధన కావాలి! ఫలితం చూడండి: గెంతు, మీట ఒగ్గీ, ఎనక్కి రా, కూకో, అటు కాదు ఇటు. ఇన్ని తెలుగు మాటలు మా ఇంట్లో పెళ్లిళ్లప్పుడు కూడా వినపడలేదు.

కానీ పోయిన నెల సుందరి విసిగిపోయింది. "ఇంక నావల్ల కాదు నానా. మంచిది కొను" అంది. కూతురు తెలుగులో అడిగితే కాదనగలనా? వెళ్లాను. షాపాయన సరైన కంట్రోలర్ తీసి "ఎటి?" అన్నాడు. నేనూ "ఎటి" అన్నాను. ఈసారి ఎవరికీ ఏ పొరపాటూ జరగలేదు.

సంచీతో సగం మెట్లెక్కి ఆగిపోయాను. ఇది తగిలిస్తే నేను చక్కగా ఆడతాను. గోతులన్నీ దాటేస్తాను. అరవాల్సిన పని సుందరికి ఉండదు. ఆట అయ్యాక "భాలో, బాబా" అని లేచి వెళ్లిపోతుంది.

"షాపులో స్టాకు లేదమ్మా" అని చెప్పాను. ఆ కంట్రోలర్ తీసుకెళ్లి నా తెలుగు పుస్తకాల ట్రంకుపెట్టెలో అట్టడుగున దాచాను. మా ఇంట్లో ఎవరూ చెయ్యిపెట్టని చోటు అదొక్కటే.

ఇంత రహస్యం పత్రికలో అచ్చేయించడానికి ఎంత ధైర్యమని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ధైర్యమేముంది? నేను రాసింది చదవలేని మనిషి మీదే కదా నా దొంగతనమంతా! మా ఆవిడకి అక్షరాలు రావు. సుందరికి ఈ అక్షరాలు రావు. దేశంలో నా అంత భద్రంగా బతికే దొంగ ఇంకొకడు ఉన్నాడా? ఇక చప్పట్లు కొట్టొచ్చు.

అయితే ఒకటి. పత్రిక వచ్చిన రోజున ఈ పేజీ తెరిచి, గేమ్ బాక్సు మీదే పెడతాను. పక్కన ఓనమాల పలక కూడా పెడతాను. రోజూ ఆఫీసునుంచి రాగానే ట్రంకుపెట్టె మూత మీద దుమ్ము చెదిరిందేమో చూసుకుంటాను.

అమ్మా సుందరీ, పెట్టెకి తాళం వెయ్యలేదు.