ఆరో మంచానికి ఇంటర్వ్యూ

“భూగోళానికి తలుపులుండకూడదు!” అని మా గది పెద్ద వెంకటసత్యనారాయణగారు శుక్రవారం మధ్యాహ్నం చేపల పులుసు కలుపుకుంటూ ప్రకటించారు. పొట్టకూటికి గల్ఫ్ వచ్చిన ఐదుగురం మహబూలాలో సర్దుకునే ఆ గదిలో ఆయన మాటంటే ఐక్యరాజ్యసమితి తీర్మానమే.

“అమెరికావోడు గుమ్మం బయటే ఏళ్ల తరబడి లైను కట్టిస్తాడండి. యూరప్‌వోడేమో సముద్రం దాటొచ్చినోణ్ణి లోపలికి రానిచ్చి, నువ్వెవరో తేలేదాకా ఆ మూల కూచోమంటాడు. ఇద్దరికీ దయ లేదు.”

మాకు కళ్లు చెమర్చాయి. పులుసులో కారం కూడా ఎక్కువే.

అప్పుడే సంచీతో గంగాధర అనే కొత్త కుర్రాడు వచ్చాడు. షుఐబాలో కాంట్రాక్టు ఖలాస్, క్యాంపు ఖాళీ చేయించారు. రేపటినుంచి షర్క్‌లో కొత్త పని. ఇవాళే తలదాచుకునే చోటు కావాలి. మాతో ఉండే జాన్ పాల్ మన దేశం వెళ్లిపోయాక మా గదిలో ఆరో మంచం ఖాళీ. ఖాళీ అంటే, దానిమీద పెద్దాయన సూట్‌కేసులున్నాయి.

“బాబాయ్, జాన్ పాల్ ఓ కాగితం ఇచ్చాడండి...”

“కాగితాలు అందరూ తెత్తారయ్యా. ముందు ఇంటర్వ్యూ. గురక పెడతావా?”

“లేదండి.”

“చేపల పులుసులో బెల్లం ఏత్తావా?”

“కొద్దిగా ఏత్తామండి.”

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. “మా సంస్కృతిలో కలవడం కష్టం. నీ కేసు పరిశీలనలో ఉంటది. అందాకా వంటగదిలో వాషింగ్ మిషన్ పక్కన సర్దుకో.”

గుమ్మంలో అమెరికా, లోపల యూరప్! సమర్థిస్తూ నేనూ చెయ్యెత్తాను, దాచడమెందుకు.

సాయంత్రం బిల్డింగ్ కాపలాదారు అసిఫ్ వచ్చి హిందీలో చెప్పాడు. గది ఎవరి పేరున ఉందో వాళ్లూ, వాళ్ల మనుషులూ ఉండాలి, మిగతావాళ్లు రేపటికల్లా ఖాళీ చెయ్యాలి, యజమాని ఆర్డరు.

ఇన్నాళ్లూ గది జాన్ పాల్ పేరునే ఉంది. పెద్దాయనైతే రెండ్రోజులుండి పోతానని వచ్చి పదకొండేళ్లయిందట. ఆ సంగతి అప్పుడే బయటపడింది.

గంగాధర వంటగదిలోంచి వచ్చి కాగితం మడత విప్పాడు. జాన్ పాల్ వెళ్తూ వెళ్తూ గదిని ఇతని పేరుకి మార్పించాడు. అసిఫ్ చదివి, మమ్మల్ని చూపిస్తూ, “వీళ్లు నీ మనుషులేనా?” అన్నాడు.

గంగాధర ఒక్కొక్కరినీ తీరిగ్గా చూశాడు. మధ్యాహ్నం ఎత్తిన చెయ్యి నేను వెనక్కి దాచుకున్నాను.

“మావోళ్లే,” అన్నాడు చివరికి.

అసిఫ్ వెళ్లగానే పెద్దాయన తన సూట్‌కేసులు తనే దించి, ఆరో మంచం దులిపి దుప్పటి పరిచారు.

“బాబాయ్, మీకూ ఒక్క ప్రశ్నుందండి,” అన్నాడు గంగాధర. “రేపట్నుంచి పులుసులో బెల్లం ఏద్దామా?”

“బెల్లం లేందే అదేం పులుసు బాబూ,” అన్నారు వెంకటసత్యనారాయణగారు.