జంబులింగం చూపించిన పొడి ఇల్లు

ఒక పెద్ద అడవిలో, వాగుకి ఆనుకుని, మంచి పల్లంలో కనకరత్నం అనే ముళ్ళపందికి సొంత బొరియ ఉండేది. పడమటి వాకిలి, రెండు గదులు. వెనకగోడ అవతల అప్పుడప్పుడూ ఏదో గీకుతున్న చప్పుడయ్యేది. ఎలుకలై ఉంటాయిలే అని ఊరుకునేది. ముళ్ళకంపలు దాటి అటువైపు తొంగిచూసే తీరిక ఆవిడకి ఏనాడూ లేదు.

ఏడాదిలో ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. వానలు మొదలైతే మాత్రం ఇల్లంతా వాగే. కిందటేడు రెండోపిల్ల కొట్టుకుపోతుంటే తోక పట్టుకుని లాగింది. ఆ పిల్ల ఇప్పటికీ ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, తల్లి పొట్టకింద దూరుతుంది. కనకరత్నం ఈ ఏడు వానల్లోపల ఈ బొరియ అమ్మేసి, పొడిగా ఉండే ఇల్లు కొని తీరాలనుకుంది.

అమ్మాలంటే బ్రోకరు కావాలి కదా. ముందు తాబేలు శేషాచలం గారిని పిలిచింది. ఆయన ఒక పూటంతా పట్టి రెండు గదులూ చూశాడు. గోడమీది నీటిచారలు ఒక్కొక్కటే చూసి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ ఇంటికి నీళ్ళొస్తాయి. ఆ మాట ముందే చెప్పి అమ్మిపెడతాను. ఏ కప్పలో, పీతలో సంతోషంగా కొనుక్కుంటాయి. ధర కాస్త తగ్గుతుంది, అంతే."

కనకరత్నానికి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "నా ఇంట్లో కూర్చుని నా ఇంటికే వంకలు పెడతారేమిటండీ! పుట్టినప్పటినుంచీ ఒకే ఇల్లు వీపున మోసుకు తిరిగేవారు, మీకు అమ్మకాల సంగతేం తెలుస్తుంది? వెళ్ళిరండి!"

ఆయన వాకిలి దాటేసరికే సాయంత్రమైంది.

మర్నాడు నక్క జంబులింగం వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి రెండు చేతులూ జోడించాడు.

"అబ్బబ్బ! మేడం గారూ, దీన్ని అమ్ముకోవడానికి మీకు మనసెలా వచ్చిందండీ? వాకిట్లోనే వాగు! లోపల ఆ చల్లదనం చూడండి, కొండమీద ఉన్నట్టు లేదూ?"

"అది చెమ్మండీ," అంది కనకరత్నం మొహమాటంగా.

"ఆ మాట ఇంకెక్కడా అనకండి. చల్లదనం."

ఆవిడ మురిసి ముక్కలైపోయింది. ఔరా, లేనిది ఉన్నట్టు ఎంత చక్కగా చెబుతున్నాడు! అమ్మితే ఇతనే అమ్మాలి అనుకుంది. అక్కడితో ఆగిందా? కొత్త ఇల్లు వెతికిపెట్టే పని కూడా అతనికే అప్పజెప్పింది. ఇంత నోరున్నవాడు తన పక్షాన ఉంటే ఇక దిగులేమిటి?

పైగా దగ్గర కూర్చోబెట్టుకుని తనకి తెలిసిన చిట్కాలన్నీ నేర్పింది. నీటిచారలమీద ఎర్రమట్టి పూయాలి. తడినేలమీద ఎండుటాకులు దట్టంగా పరవాలి. కొనేవాళ్ళని మిట్టమధ్యాహ్నమే తీసుకురావాలి, ఎండనపడి వచ్చినవాడికి చెమ్మ కూడా హాయిగానే ఉంటుంది. జంబులింగం శ్రద్ధగా తలూపాడు.

"కొనే పార్టీకి పిల్లలున్నారా?" అని ఒక్కసారి అడిగింది.

"నలుగురండీ."

"అయ్యో పాపం," అంది కనకరత్నం. నీటిచారలకేసి చూసి, "ఎర్రమట్టి రెండు పూతలు వేయించండి," అంది.

వారం తిరక్కుండా ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నదెవరో ఆవిడ చూడలేదు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎదురుపడితే బేరం చెడుతుందని జంబులింగం వాళ్ళని కలవనివ్వడు. ఆషాఢం వస్తే గృహప్రవేశాలు ఉండవు కాబట్టి, ఆ తొందరలోనే ఆవిణ్ణి కొత్తిల్లు చూడటానికి బయల్దేరదీశాడు.

"మొదటిసారి ఈశాన్యం నుంచే వెళ్ళాలండీ, వాస్తు," అంటూ గుట్ట ఎక్కించాడు, వెనకనుంచి దించాడు, ఎండలో అడవంతా తిప్పాడు. కనకరత్నం ఎక్కినదంతా గుర్తుపెట్టుకుంది గాని దిగినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎత్తైన చోటికే వచ్చామనుకుంది.

తూర్పు వాకిలి. గోడలకి నున్నగా ఎర్రమట్టి. కిందంతా మెత్తగా ఎండుటాకులు.

"ఎంత చల్లగా ఉందండీ!" అంది చెమట తుడుచుకుంటూ.

"చూశారా, నేనొక్క మాటైనా అన్నానా? మీరే అన్నారు," అన్నాడు జంబులింగం.

అక్కడికక్కడే బేరం కుదిరిపోయింది. మంచి ముహూర్తం చూసి పాలు పొంగించారు.

మూడోరోజు మధ్యాహ్నం తొలివాన దంచికొట్టింది. ఎండుటాకులు ముందు తడిశాయి, తరవాత తేలాయి. గోడమీది మట్టి కరిగి జారింది. దానికింద నీటిచారలు, అచ్చం పాత ఇంట్లో ఉన్నంత ఎత్తున. రెండోపిల్ల తల్లి పొట్టకింద దూరి, "నీళ్ళు రావన్నావుగా అమ్మా!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

వాకిలి మునిగిపోవడంతో ఆవిడ వెనకగోడ తవ్వడం మొదలెట్టింది. అవతలనుంచి కూడా ఎవరో తవ్వుతున్నారు. మట్టి విరిగిపడి, నూకరాజు అనే పందికొక్కు తల బయటికొచ్చింది. అతని వెనక నలుగురు పిల్లలు. వాళ్ళ వెనక కనకరత్నం పాత ఇల్లు!

ఇద్దరూ కలిసి పైకప్పు పెళ్ళగించి, పిల్లల్ని ఒక్కొక్కరినే పైనున్న బండమీదికి చేర్చారు. అక్కడ శేషాచలం తల డిప్పలోకి లాక్కుని పొడిగా కూర్చున్నాడు.

"నా ఇల్లు మీకు, మీ ఇల్లు నాకు అంటగట్టి, ఇద్దరి దగ్గరా రెండేసి కమీషన్లు తిన్నాడండీ!" అన్నాడు నూకరాజు వణుకుతూ. "నా గోడలకి ఎర్రమట్టి పూసే ఉపాయం కూడా వాడే చెప్పాడు. ఎవరో తెలివైన మేడం నేర్పిందట."

కనకరత్నం వంగి పిల్ల ఒళ్ళు తుడవడం మొదలెట్టింది.

"వాణ్ణి ఊరికే వదలకూడదు," అన్నాడు నూకరాజు.

"అస్సలు వదలకూడదు అన్నయ్యగారూ! నాలాంటిదానికే ఆ ఇల్లు అమ్మాడంటే మామూలువాడా? వాన తగ్గనివ్వండి, రెండిళ్ళూ అతని చేతే అమ్మిద్దాం."

"నీళ్ళొచ్చే ఇల్లుందా అని కప్పలు ఇంకా అడుగుతున్నాయమ్మా..." అన్నాడు శేషాచలం తల బయటపెట్టి.

"మీరూరుకోండి!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. రెండోపిల్ల పొట్టకిందనుంచి ఇంకా బయటికి రాలేదు.

ఇందులో నీతి అంటారా? మంచి బ్రోకరెవరో తెలియాలంటే, ఒక్కసారైనా అతని చేతిలో మోసపోవాలి.