నలభై రెండు మీటర్ల గౌరవం

మా పాఠశాల ఉపాధ్యాయులకు ఇళ్ళ కేటాయింపు అత్యంత న్యాయంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పద్ధతిని కనిపెట్టింది నేనే. దానివల్ల నష్టపోయిందీ నేనే. రెండూ ఒకే మనిషికి దక్కడంతో ఫిర్యాదు చేసే అవసరం ఎవరికీ రాలేదు.

నేను లెక్కల మాస్టారిని. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చుట్టుకొలత, వైశాల్యం బోధిస్తున్నాను. నా బోధనలో ఒక క్రమశిక్షణ ఉంది. అర్ధసంవత్సర పరీక్షలకు ముందు చుట్టుకొలత, సెలవులయ్యాక వైశాల్యం. ఆ రెండింటినీ ఒకే రోజు బోర్డు మీద రాసిన పాపాన పోలేదు. వైశాల్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు చుట్టుకొలత మరిచిపోయేవారు. పిల్లలను అని ఏం లాభం, నేనూ మరిచిపోయేవాణ్ణి.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఇరుకు అద్దె గదుల్లో నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద వంగి కత్తిరించింది. ఇక ఆ మోకాళ్ళు వంగనంటున్నాయి. మరో ఏడాది ఇలాగే నేల మీద కూర్చుంటే కుట్టుపని మానుకోవలసిందేనని డాక్టరు తేల్చేశాడు. అందుకని రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పుతో ఒక బల్ల చేయించుకుంది. నాలుగు వైపులా తిరుగుతూ, నిలబడి కత్తిరించుకోవాలని ఆమె కోరిక. మా గదిలో పట్టక ఆ బల్ల పాఠశాల సైకిళ్ళ షెడ్డులో పడి ఉంది. "ఇల్లు రానీ, బల్ల దానంతటదే వస్తుంది" అని మాటిచ్చాను.

ఇంతలో పాఠశాల వెనకనున్న పాత భవనాన్ని గోడలు కట్టి ఉపాధ్యాయులకు పంచాలని యాజమాన్యం నిర్ణయించింది. కొలతల సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేసింది. సీనియారిటీ ఎక్కువున్నవారికి పెద్ద ఇల్లు అన్నది సూత్రం. పెద్ద ఇల్లంటే ఏమిటన్నది ప్రశ్న. లోపల కొలుద్దామంటే భవనం నిండా విరిగిన బెంచీలు. వాటిని తీయించాలంటే ఎవరు తీయించాలన్నదానికి ఇంకో సంఘం వేయాలి. అప్పుడు నేను లేచి, చరిత్రలో నిలిచిపోయే సలహా ఇచ్చాను. చుట్టూ టేపు పట్టుకుని నడిస్తే పోలేదా? చుట్టుకొలత ఎంత ఎక్కువైతే ఇల్లు అంత పెద్దది. చుట్టూ ఎక్కువున్న ఇంటికి లోపల ఎక్కువ ఉండక చస్తుందా?

యాజమాన్య కార్యదర్శి గారు చలించిపోయారు. "మేధావి అంటే ఈయన! బెంచీ కదపకుండా, చెమట పట్టకుండా న్యాయాన్ని కొలిచిన మహానుభావుడు! సరిహద్దు ఎంతో మనిషి స్థాయి అంత!" అని ప్రసంగించారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను నాకు కూడా కొట్టుకున్నాను.

అందరిలోకీ జూనియరైన డ్రిల్లు మాస్టారికి ఇరవై నాలుగు మీటర్ల చుట్టుకొలత వచ్చింది. ఆరుకు ఆరు, చతురస్రం. పాపం, కుర్రవాడు, అనుకున్నాను. అందరిలోకీ సీనియర్నైన నాకు నలభై రెండు వచ్చింది. దరిదాపుల్లో ఇంకెవరూ లేరు. గుమ్మం పక్కన "చుట్టుకొలత 42 మీ." అని ఇత్తడి పలక కూడా బిగించారు.

నాకు వచ్చింది పాత భవనం వరండా. పొడవు ఇరవై మీటర్లు, వెడల్పు ఒకటి.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసింది. "ఇల్లెక్కడండీ?" అంది.

"ఇదే."

"ఇది ఇంటికి దారి కదా?"

ఆ ఇంట్లో జీవనం త్వరలోనే ఒక పద్ధతిలో పడింది. ముందు కుర్చీ, తర్వాత మంచం, ఆ తర్వాత వంట, చివర స్నానాల గది. మంచం గోడకూ గోడకూ మధ్య సరిగ్గా సరిపోయింది కాబట్టి మంచినీళ్ళు కావాలంటే దాని మీదుగా ఎక్కి దిగాలి. ఇద్దరం ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి నడవాలి. సీనియారిటీ ప్రకారం ఆమే నడిచేది. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని సామెత. మా ఇంట్లో ఇరకటం సంగతి సరే, మంచాలెక్కి గోడలు పట్టుకుని ఎగబాకే ఆ రెండో పాత్ర మాత్రం నాదే. అభినందించడానికి వచ్చినవారు వరుసలో వచ్చేవారు. ముందు వచ్చినవారు అందరికంటే చివర వెళ్ళేవారు.

బల్ల మాత్రం లోపలికి రాలేదు. అడ్డంగా రాదు. నిలువుగా లేపి తెస్తే దించడానికి లేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చి, సెలవులు కాకపోయినా వైశాల్యం కట్టాను. మాది ఇరవై చదరపు మీటర్లు. డ్రిల్లు మాస్టారిది ముప్పై ఆరు. మళ్ళీ గుణించాను. ఎక్కం కూడా నా సీనియారిటీని లెక్కచేయలేదు.

మర్నాడు డ్రిల్లు మాస్టారే వచ్చాడు. మంచివాడు, తల్లితో ఉంటాడు. "మాస్టారూ, మీకు ఇబ్బందిగా ఉంటే మార్చుకుందామా? అమ్మా నేనూ ఇద్దరమేగా, సర్దుకుంటాం. పైగా నాకు పొద్దున్నే పరుగు తీసుకోవడానికి మీది భేషుగ్గా ఉంటుంది" అన్నాడు.

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను గొంతు సవరించుకున్నాను. అధ్యక్షుడు స్వయంగా నలభై రెండు వదులుకుని ఇరవై నాలుగుకు దిగజారితే సంఘం గౌరవం ఏమవుతుంది? గణితం మీద సమాజానికి నమ్మకం ఏమవుతుంది? ఈ విషయమై డ్రిల్లు మాస్టారికి చాలాసేపు ఉపన్యసించాను. అతను అటెన్షన్‌లో నిలబడి విని వెళ్ళిపోయాడు.

"పొరపాటైందని ఒక్క మాట అంటే ఏం పోయిందండీ?" అంది మా ఆవిడ. "ఇన్నేళ్ళూ నేల మీద కూర్చున్నాను, ఎప్పుడైనా ఏమైనా అన్నానా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. నా బల్ల ఎక్కడ వేయమంటారు, మీ పలక మీదా?"

నాకు సిగ్గేసింది. నిజంగా వేసింది. కానీ అప్పటికే వీధిలో ఎవరో ఆగి పలక చదువుతున్నారు. నేను ఛాతీ విరిచి నిలబడ్డాను.

ఆమె వెళ్ళి డ్రిల్లు మాస్టారి తల్లితో మాట్లాడుకుంది. రెండు రోజుల్లో బల్ల వాళ్ళింట్లో వెలిసింది. ఇప్పుడు ఆమె పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తుంది. ఒకరోజు చూడబోయాను. గది మధ్యలో బల్ల, దాని చుట్టూ మా ఆవిడ. సుద్దముక్కతో గీస్తూ, కత్తెర ఆడిస్తూ, పెద్దావిడతో నవ్వుతూ ఈ వైపు నుంచి ఆ వైపుకు తిరుగుతోంది. ఆమె అలా నిటారుగా నిలబడి పనిచేయడం నేను అంతకు ముందు చూడలేదు.

"రండి, మీరూ ఒకసారి చుట్టూ తిరగండి" అంది. తిరిగాను. అలవాటు చొప్పున లెక్క కూడా కట్టాను.

"ఎంతొచ్చింది?"

"ఏడు మీటర్లు."

"అయ్యో, మన లెక్కలో చాలా తక్కువ స్థాయే" అంది, గుడ్డ మీంచి తల ఎత్తకుండా. ఇంటికి రమ్మని అడుగుదామనుకున్నాను. ఏ వెడల్పులోకి రమ్మనాలో తెలియక ఊరుకున్నాను.

ఎక్కువసేపు నిలబడే వీలు కూడా లేకపోయింది. నా పద్ధతిని అధ్యయనం చేయడానికి వేరే పాఠశాల నుంచి ఒక బృందం వచ్చి మా ఇంట్లో వరుసగా నిలబడి ఉంది. వాళ్ళ నాయకుడు నా చెయ్యి పట్టుకుని, "మా హెడ్మాస్టరు గారికి యాభై రావాలండీ. చోటు మాత్రం ఇప్పుడున్నదే. సాధ్యమంటారా?" అన్నాడు. సాధ్యమే, వెడల్పు తగ్గించండి, అన్నాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. వాళ్ళు పలకను చేత్తో తడిమి చూశారు, ఇత్తడేనా అని అడిగారు. మీ ఆవిడ ఎక్కడున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

మీరు అడుగుతారులెండి, నాకు తెలుసు. కాకపోతే నలభై రెండు అనగానే మీ ఇంటి చుట్టుకొలత మనసులో ఒకసారి కట్టుకున్నారు చూడండి, మొహమాటపడకండి, అది ఎంతొచ్చిందో ముందు చెప్పండి.