డప్పుకు కదలని రూపి

హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారు కదా. చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టి వినండి. సకల జనుల సమ్మె నాటి ముచ్చట ఇది.

పాలకుర్తి దగ్గరి తండాలో బాల్‌సింగ్ అని ఒకాయన ఉండేవాడు. భార్య చాందీ పోయాక ఆయనకు మిగిలిన తోడు రూపి అనే ఆడగుర్రం ఒక్కటే. మేపేది ఆయనే అయినా గుర్రం ఊరి పెద్ద వెంకట్రాం పటేల్‌ది. పెళ్లి ఊరేగింపుల్లో డప్పు వింటే ముందుకాళ్లు లేపి ఆడడం దాని అలవాటు. గార్ల ఊళ్లో ఒక పెళ్లికొడుకును అలాగే మురికి మోరీలో పడేసింది.

"వచ్చే నెల ర్యాలీల నేను దాని మీద కూసుంట," అన్నాడు పటేల్. "డప్పు మోగితే ఒక్క కాలు లేవొద్దు. లేసిందా, భూపాలపల్లి బేరగానికి అమ్మేస్త. లేవకుంటే నీ దగ్గర్నే ఉంటది."

ఆ మర్నాటి నుంచి బాల్‌సింగ్ పగ్గం పట్టి దాని పక్కన నడవడం మొదలుపెట్టాడు. తాను ఆగితే అది ఆగాలి. రొమ్ము మీద అరచెయ్యి ఆనిస్తే రెండడుగులు వెనక్కి వేయాలి. తర్వాత రేకు డబ్బా మీద డప్పు దరువు కొట్టేవాడు. నాలుగు కాళ్లూ నేల మీదే ఉంటే బెల్లం ముక్క. నడవాలన్నా కాలు లేవాల్సిందేనన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ర్యాలీ నాటి ఏర్పాటు చిన్నదే. బస్టాండు నుంచి చౌరస్తా దాకా పోవడం, జెండా ఎగరేయడం, పదింటికల్లా టిఫిన్. పటేల్ గుర్రమెక్కాడు. ముత్తయ్య డప్పు మీద దెబ్బ వేశాడు. రూపి నడిరోడ్డు మీద రాయిలా నిలబడింది. పటేల్ మడమలతో ఎంత పొడిచినా కదల్లేదు.

"పటేల్ రాస్తారోకో పెట్టిండు, కూసోండ్రి," అన్నది వెనకనున్న కట్టమ్మ. రెండు వందల మంది కూర్చున్నారు. బస్సులు ఆగాయి. రోడ్డు మీదే పొయ్యి వెలిగింది.

ఎస్సై వచ్చాడు. "గుర్రాన్ని పక్కకు తీయండి."

"నా చేతుల లేదు సార్," అన్నాడు పటేల్, ఉన్నమాటే. జనం చప్పట్లు కొట్టారు.

బాల్‌సింగ్ ముత్తయ్య దగ్గరికి వెళ్లాడు. "ముత్తన్నా, జర డప్పు ఆపు. ఆపితేనే అది నడుస్తది. లేకుంటే నా రూపిని అమ్మేస్తడు."

"ఇప్పుడాపితే నన్ను ఊర్ల ఉండనిస్తరా? నీ కోసం మెల్లగ కొడ్త."

మెల్లగా కొట్టినా రూపికి డప్పు డప్పే.

నాలుగు గంటల తర్వాత ముత్తయ్య చెయ్యి అలిసిపోయి డప్పు ఆగింది. తిమ్మిరెక్కిన కాళ్లతో దిగిన పటేల్ మెడ నిండా దండలే. బాల్‌సింగ్ చేతులు జోడించాడు. "తప్పయింది పటేలా. దాన్ని అమ్మకు."

"అమ్ముడేంది? గిసొంటి గుర్రాన్ని ఎవడన్న అమ్ముకుంటడా? రేపు జనగామల రాస్తారోకో, ఎల్లుండి మానుకోటల. ఇగ నా ఇంటికాన్నే ఉంటది."

"నేను సుత వస్త పటేలా."

"నువ్వెందుకు? అన్నీ నేర్చుకున్నది గద."

బాల్‌సింగ్ పగ్గాన్ని పటేల్ డ్రైవర్ చేతికిచ్చాడు. "కొత్తోళ్లను జూస్తే బెదురుతది బిడ్డా. మెడ మీద చెయ్యేసి నడువు."

రూపి బెదరలేదు. వెనక్కి తిరిగి చూడకుండా, డ్రైవర్ అడుగులో అడుగేసి వెళ్లిపోయింది. నేర్పడంలో బాల్‌సింగ్ ఏ లోటూ చేయలేదు.

మీకు తెలిసిన వాళ్లలో పరాయి పశువును ప్రాణంగా పెంచిన వాళ్లుంటే, ఈ ముచ్చట వాళ్లకు పంపండి.