నల్లముడి లేని దండ

ఆ ఉదయం పొదిలిలో అఖిల వేసుకున్న పథకం చాలా చిన్నది. కణం ప్రొటీన్‌ను ఎలా తయారుచేస్తుందో స్కూలు సైన్సు ప్రదర్శనలో చూపించాలి, జిల్లా పోటీకి ఎంపికవ్వాలి. జన్యువు పంపే ఆజ్ఞకు బదులు ఒక లంగా నాడా మీద రంగుదారాలతో ముడులు వేసింది. ప్రతి మూడు ముడులూ ఒక మాట. రెండు ఎరుపు, ఒక తెలుపు అయితే మిరపకాయ. మూడూ పసుపైతే వెల్లుల్లి రెబ్బ. ఏది కావాలంటే అది పక్కింటి రసూల్‌బీ అందిస్తుంది, నాయనమ్మ సుబ్బరావమ్మ దబ్బనంతో గుచ్చుతుంది. ఆ దండే ప్రొటీను.

"చివర మూడు నల్లముడులొస్తాయి. అవి వచ్చేదాకా ఆపొద్దు నాయనమ్మా."

"పొగాకు గుచ్చిన చేతులే ఇవి! నాకు నేర్పుతావా?"

స్కూల్లో న్యాయనిర్ణేత సీతారత్నం మేడమ్ వచ్చేసరికి అఖిల బల్లకు వీపు పెట్టి వివరణ మొదలుపెట్టింది. వెనక దండ కూడా మొదలైంది.

"రసూల్‌బీ, మిరపకాయ్!" నాడా మీది ముడులు చూసి కేకేసింది సుబ్బరావమ్మ.

"ఇదిగో అక్కా!"

దండ బల్ల దిగింది. పక్కనున్న అట్టముక్కల అగ్నిపర్వతాన్ని చుట్టి వరండాలోకి పాకింది. మిరపకాయల బుట్ట ఖాళీ అయింది. తాత యలమందయ్య ఏడాది కారం పట్టించడానికి మిల్లుకు తీసుకెళ్తూ, మనవరాలి ముచ్చట చూద్దామని వరండాలో దించిన ఎండుమిరపకాయల బస్తా మూతిని రసూల్‌బీ విప్పింది. కాయలందించడానికి పిల్లలు ఎగబడ్డారు. బస్తా ఒరిగింది. కాయలు కాళ్ల కింద పడి పొడుమయ్యాయి. మొదటి తుమ్ము హెడ్మాస్టరుది. తర్వాతివి ఎవరివో తెలియలేదు.

"ఓర్నాయనో, నా కారం!" అన్నాడు యలమందయ్య, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

"నాయనమ్మా, ఆపు!"

"నల్లముడి రాందే ఎట్టా ఆపేదే?"

అఖిల నాడా లాగి చూసింది. దానికి మొదలూ లేదు, చివరా లేదు.

"నల్లదారం ఏది?"

"పోటీకి పోతా నలుపేందే, మంచిది కాదు! పొద్దున్నే తీసేసి పసుపుది కట్టా. కొసలు యేలాడతా అసయ్యంగా ఉంటే కలిపి కుట్టా కూడా."

అఖిల కళ్లలో నీళ్లు తిరిగాయి. సీతారత్నం మేడమ్ ముక్కు తుడుచుకున్నారు.

"ఇదెందుకు ఆగలేదమ్మా?"

"ఆపమనే మాట మారిపోయింది మేడమ్. కణంలో అయినా అంతే... ఆగాల్సిన చోట ఆగదు, పొడుగైపోతుంది. అట్లాంటి ప్రొటీను సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు."

"పుస్తకంలో ఉన్నది అందరూ చూపించారు. పాడైతే ఏమవుతుందో నువ్వొక్కదానివే చూపించావు. జిల్లాకు రా. వీళ్లిద్దర్నీ కూడా తీసుకురా."

మిరప తోట ఉన్న యలమందయ్య ఆ ఏడాది కారం ప్యాకెట్లలో కొన్నాడు.