కుళాయి విషయంలో ఒక సవరణ

తెనాలి నుంచి వెలువడే ‘సమతూకం’ దినపత్రిక ఎన్నికల కాలంలో ఎవరి పక్షమూ వహించదని పాఠకులందరికీ తెలిసిందే. సంపాదకులు వేంకటసుబ్రహ్మణ్యం గారు రోజూ టిఫిన్ కాగానే స్కేలు తీసుకుని, ఇద్దరు అభ్యర్థుల వార్తలనూ స్వయంగా కొలుస్తారు. ఒకసారి ఎండకు ప్రతిపక్ష అభ్యర్థి సొమ్మసిల్లి పడిపోతే, ఆ వార్తకు సరితూగేలా పాలకపక్ష అభ్యర్థికి కూడా ఒంట్లో నలతగా ఉన్నట్టు రాయించారు. ఆ అభ్యర్థి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పి, మర్నాటి సభ మానుకున్నారు.

ఇలాంటి పత్రికలో రాగసుధ విలేకరి. పనిమంతురాలే. కాకపోతే ఊళ్లకు వెళ్లి చూసొచ్చే అలవాటొకటి ఉంది.

ఆ వారం రేపల్లె సభలో పాలకపక్ష అభ్యర్థి, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామంలో ఇంటింటికీ కుళాయి నీళ్లు వస్తున్నాయని ప్రకటించారు. మర్నాడు అదే మైదానంలో ప్రతిపక్ష అభ్యర్థి, ఆ ఊళ్లో అసలు కుళాయే లేదని, ఉంటే తాను రాజకీయాల నుంచి తప్పుకుంటానని శపథం చేశారు. రెండు వార్తలూ సమానమైన కొలతల్లో అచ్చయ్యాయి. ఎవరికి కావలసింది వారు చదువుకున్నారు.

రాగసుధ బస్సెక్కి ఆ లంకకు వెళ్లింది. మాణిక్యమ్మ అనే పెద్దావిడ ఇంటి ముందు కుళాయి ఉంది. తిప్పితే కాస్త గాలి వచ్చింది, తర్వాత ఒక చీమ వచ్చింది.

“పెట్టిన కొత్తలో వచ్చాయమ్మా, ఫోటోలు తీసిందాకా,” అంది మాణిక్యమ్మ.

మోకాళ్ల నొప్పితోనే ఆవిడ కరకట్ట దాటి కాలవ దాకా నడుస్తోంది. ఆ నీళ్లు తాగిన మనవరాలు భవ్య విరేచనాలతో రేపల్లె ఆసుపత్రిలో ఉంది. రాగసుధ బిందె తను అందుకుని కట్ట మీదుగా మోసుకొచ్చింది. ఇల్లు చేరేసరికి ఆమెకు నిష్పాక్షికత మీద కొంచెం కోపం వచ్చింది.

ఆఫీసుకొచ్చి ‘కుళాయి ఉంది, నీళ్లు లేవు’ అని శీర్షిక పెట్టి రాసిచ్చింది.

సంపాదకులు చదివి కళ్లజోడు తీశారు. “ఇది ఎవరి వాదనమ్మా?”

“ఎవరి వాదనా కాదండి. నేను చూశాను.”

“అదే చిక్కు. ఒకరు నీళ్లున్నాయన్నారు, ఒకరు కుళాయే లేదన్నారు. నువ్వు ఇద్దరికీ వ్యతిరేకంగా రాశావు. అంటే రెండువైపులా పక్షపాతం.”

“పిల్ల ఆసుపత్రిలో ఉందండి.”

“పాపం. ఏ పార్టీ వాళ్ల పిల్ల? అవతలి పార్టీ వాళ్లింట్లో కూడా ఎవరికైనా బాగాలేదేమో కనుక్కో. కలిపి వేద్దాం.”

ఆ సాయంత్రం ఆయన పత్రికల తటస్థత గురించి ప్రసంగించడానికి బాపట్ల వెళ్లారు. “సత్యానికి రెండు కళ్లు. ఒకటి తెరిస్తే రెండోదానికి అన్యాయం. అందుకే మా పత్రిక రెండూ మూసుకుంది,” అని సెలవిచ్చి శాలువా కప్పించుకున్నారు. ఇక్కడ తెనాలిలో పేజీలు చూసే బర్నబాస్, రాగసుధ వార్త చదివి మొదటి పేజీలో పెట్టేశాడు.

తెల్లారేసరికి రెండు పార్టీల వాళ్లూ ఆఫీసుకొచ్చారు. ప్రచారం మొదలయ్యాక వాళ్లు ఒకే బల్ల దగ్గర కాఫీ తాగడం అదే మొదలు. మర్నాడు సవరణ వెలువడింది: “నిన్నటి సంచికలో ఏ పక్షమూ చెప్పని విషయం ఒకటి పొరపాటున వార్తగా వచ్చింది. చింతిస్తున్నాం.” బర్నబాస్‌ను ప్రకటనల విభాగానికి మార్చారు. రాగసుధను రాజకీయాల నుంచి తప్పించి పంచాంగం పేజీ అప్పగించారు. శపథం చేసిన అభ్యర్థి మాత్రం తప్పుకోలేదు.

పాఠకులు కూడా ఊరుకోలేదు. నందివెలుగు నుంచి, చేబ్రోలు నుంచి ఒకటే ఫోన్లు. నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి ఎవరి తాలూకు, వెనక ఎవరున్నారు అని అడిగారు. శీర్షికలో ‘కుళాయి ఉంది’ అన్న సగాన్ని ఒక పార్టీ, ‘నీళ్లు లేవు’ అన్న సగాన్ని రెండో పార్టీ కత్తిరించుకుని ఊరూరా ఫోన్లలో పంపాయి.

ఆదివారం రాగసుధ మళ్లీ లంకకు వెళ్లింది. భవ్య ఇంటికొచ్చింది, నీరసంగా మంచం మీద పడుకుని ఉంది. మాణిక్యమ్మ కుర్చీ వేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“ఏమనుకోకమ్మా. ఇంతకీ మీది ఏ పార్టీ?”

“ఏ పార్టీ కాదండి. ఉన్నది రాశాను.”

మాణిక్యమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుంటూ నిజంగానే జాలిపడింది.

“అయ్యో. మరి నువ్వు రాసింది మాలో ఏ పార్టీ వాళ్లు నమ్మాలమ్మా?”